అలలు నడిపే తీర ప్రవాహం: చేతి లెక్క నుంచి టూడీ మోడల్ దాకా – ప్రాజెక్టు డైరీ

హైదరాబాద్‌కు దగ్గర్లో ఉన్న ఇసుక తీరం అంటే బాపట్ల సూర్యలంక. అదీ మూడు వందల కిలోమీటర్లకు పైనే. అందుకే ఈ పనిలో సముద్రం చివర్లో వస్తుంది, ముందంతా లెక్కే. అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి విరిగినప్పుడు ఒడ్డు పొడవునా ఒక ప్రవాహం పుడుతుంది. దాని వేగం ఎంత, ఏ లోతులో ఎక్కువ, ఇసుక మెరకలో గాడి ఉంటే అది రిప్ కరెంట్‌గా (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహంగా) ఎలా మారుతుంది అన్నవి చెప్పే మోడల్ కట్టడమే పని.

పెట్టుకున్న నియమం ఒక్కటే. ప్రతి దశకూ కాగితం మీద తేలే జవాబు ఒకటి ఉండాలి. మోడల్ ఆ జవాబు ఇచ్చేదాకా తర్వాతి దశ ముట్టుకోకూడదు.

వాడినవి: ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, పైథాన్ (నమ్‌పై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్), ఐదో దశ నుంచి ఎక్స్‌బీచ్ (తీరం దగ్గరి అలలు, ప్రవాహాలను లెక్కించే ప్రోగ్రామ్). సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు.

దశ 0: డేటా

సముద్రపు అడుగు లోతుల కోసం అందరి చెయ్యీ ముందు జెబ్కో (ప్రపంచ సముద్రాల లోతుల పటం) గ్రిడ్ మీదికే వెళ్తుంది. దాని గడి 15 ఆర్క్ సెకన్లు, అంటే సుమారు 460 మీటర్లు. మామూలు రోజున అలలు విరిగే మేర మొత్తం వంద, నూట యాభై మీటర్లు. అంటే మనకు కావలసినదంతా ఒక్క గడిలో మునిగిపోతుంది. ఆ గడుల మధ్య ఇంటర్పొలేట్ చేస్తే చక్కటి నునుపైన వాలు వస్తుంది, చూడ్డానికి నమ్మబుద్ధేస్తుంది కూడా. కానీ అది తీరం కాదు, రెండు అంకెల మధ్య గీసిన గీత. 10 మీటర్ల లోతుకు బయట జెబ్కో వాడుకోవచ్చు, లోపల వద్దు.

లోపలికి రెండు ప్రొఫైళ్లు పెట్టాం.

1. సమ వాలు, 50కి 1. చేతి లెక్కతో పోల్చడానికి ఇదే ఆధారం. కింద చెప్పే అంకెలన్నీ దీనివే.
2. డీన్ ప్రొఫైల్: ఒడ్డు నుంచి దూరాన్ని మూడింట రెండో ఘాతానికి ఎత్తి, ఇసుక గుణకంతో గుణిస్తే లోతు. 0.2 మి.మీ. ఇసుకకు ఆ గుణకం 0.1. అప్పుడు 100 మీటర్ల దూరంలో లోతు 2.15 మీ., 500 దగ్గర 6.3 మీ., 1000 దగ్గర 10 మీ.

డీన్ సూత్రం నీటి అంచు దగ్గర మొరాయిస్తుంది, అక్కడ వాలు అనంతమవుతుంది కాబట్టి. వాలు 20కి 1 దాటే మొదటి 2.4 మీటర్ల ముక్కను తీసేసి, అక్కడినుంచి ఒడ్డుకు 20కి 1 సరళరేఖ అతికించాం. నీటి అంచు మీటరుకు కాస్త ఎక్కువే ఒడ్డువైపు జరుగుతుంది, ఫర్వాలేదు.

ఇక అలలు. సముద్ర స్థితి సూచనలిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. విశాఖ దగ్గర దాని వేవ్ రైడర్ బాయ్ (అలలను కొలిచే తేలే పరికరం) ఉంది. బాయ్ రికార్డు దొరికిన రోజులకు అదే వాడాలి. దొరకని రోజులకు ఈఆర్ఏ5 రీఅనాలిసిస్ (కొలతలు, మోడల్ కలిపి గడిచిన రోజులను తిరిగి లెక్కించిన డేటా). దాని అలల గ్రిడ్ అర డిగ్రీ, అంటే సుమారు 55 కిలోమీటర్లు కాబట్టి మధ్యలో స్వాన్ అనే అలల మోడల్‌తో అలను 10 మీటర్ల లోతుకు తీసుకురావాలి.

ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన అంకె 'సగటు అల దిశ'. బంగాళాఖాతంలో దక్షిణం నుంచి వచ్చే దూరపు అలలు (స్వెల్), స్థానిక గాలికి లేచే చిన్న అలలు ఒకేసారి ఉండటం మామూలే. ఒక ఉదాహరణ లెక్కించి చూడండి. తీరం ఆగ్నేయానికి, అంటే 135 డిగ్రీలకు ముఖం చేసి ఉంది. దక్షిణం (180) నుంచి ఒక గుంపు, ఈశాన్యానికి కొంచెం తూర్పుగా (60) ఇంకో గుంపు, రెండింటి శక్తీ సమానం. సగటు దిశ 120. అది తీరపు లంబరేఖకు ఈశాన్యం పక్కన 15 డిగ్రీలు కాబట్టి ప్రవాహం నైరుతి వైపు పోవాలని మోడల్ చెబుతుంది. కానీ తోసే బలం కోణపు సైన్, కొసైన్‌ల గుణకారం మీద ఆధారపడుతుంది. దక్షిణపు అల 45 డిగ్రీల్లో ఉంది, దాని వాటా ఈశాన్యం వైపు 0.50. రెండోది 75 డిగ్రీల్లో ఉంది, దాని వాటా నైరుతి వైపు 0.25 మాత్రమే. నికరం ఈశాన్యం వైపే. అంటే సగటు దిశ వాడితే ప్రవాహం అటుది ఇటు తిరిగిపోతుంది.

ఇది వట్టి పుస్తకాల గొడవ కాదు. నైరుతి రుతుపవనాల్లో మన తూర్పు తీరం వెంట ఇసుక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి నడుస్తుంది, మొత్తమ్మీద ఉత్తరానిదే పైచేయి. విశాఖ పోర్టు గోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోయి ఆర్కే బీచ్ కోసుకుపోతుంటుంది. తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌కు పోస్తుంటారు. దిశ గుర్తు తప్పిన మోడల్ అలాంటిచోట పనికిరాకపోవడమే కాదు, చేటు కూడా.

మార్పు: ఈఆర్ఏ5 నుంచి స్వెల్ అలల ఎత్తు, దిశ, పీరియడ్ వేరుగా, గాలి అలలవి వేరుగా దించుకున్నాం. స్వాన్‌కు పూర్తి స్పెక్ట్రమ్ (ఏ దిశలో, ఏ పీరియడ్‌లో ఎంత శక్తి ఉందో చెప్పే పట్టిక) ఇస్తే ఇంకా మేలు.

దశ 1: అల ఒక్కటే, ప్రవాహం లేదు

పరీక్ష అల: 10 మీటర్ల లోతులో ఎత్తు 1.2 మీ., పీరియడ్ 9 సెకన్లు, లంబరేఖ నుంచి కోణం 20 డిగ్రీలు. గ్రిడ్ అంగ 1 మీటరు.

1. డిస్పర్షన్ సమీకరణాన్ని (పీరియడ్, లోతుల నుంచి తరంగదైర్ఘ్యం ఇచ్చేది) న్యూటన్ పద్ధతిలో సాధించండి. 10 మీటర్ల దగ్గర తరంగదైర్ఘ్యం 81.7 మీ., అల వేగం సెకనుకు 9.08 మీ., గ్రూప్ వేగం (అల శక్తి నడిచే వేగం) 7.69 మీ. రావాలి.
2. స్నెల్ నియమం: కోణపు సైన్‌ను వేగంతో భాగిస్తే వచ్చేది ఒడ్డుదాకా మారదు. ఇక్కడ 0.0377.
3. ఒడ్డువైపు వచ్చే శక్తి ప్రవాహం విరిగేదాకా మారదు. దాన్నుంచి ప్రతి గడిలో ఎత్తు.
4. ఎత్తు, లోతులో 0.78 వంతు (ఈ నిష్పత్తే గామా) దాటితే అక్కడే కత్తిరించండి.

రావలసిన జవాబు: 2.02 మీ. లోతులో, నిలకడ నీటి అంచుకు 101 మీటర్ల దూరంలో అల విరుగుతుంది. అక్కడ ఎత్తు 1.58 మీ., కోణం 9.5 డిగ్రీలు.

తేడా వస్తే వెతకాల్సినవి:

– డిగ్రీలను రేడియన్లుగా మార్చకపోవడం. 20 రేడియన్ల సైన్ 0.913. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ 66 డిగ్రీల అలతో నిశ్శబ్దంగా నడిచిపోతుంది. మైనస్ వచ్చి ఉంటే ఇట్టే దొరికేది.

– అల దిశను బాయ్ డేటా 'ఎక్కణ్నుంచి వస్తోంది' అని చెబుతుంది, గణితం 'ఎటు పోతోంది' అని అడుగుతుంది. అద్దం పరీక్ష పెట్టండి: కోణం గుర్తు మార్చి మళ్లీ నడిపితే జవాబులన్నీ అవే అంకెలతో గుర్తు మాత్రమే మారాలి. చివరి దశాంశంలో తేడా ఉన్నా కోడ్‌లో ఎక్కడో కుడి ఎడమల పక్షపాతం ఉన్నట్టే. ఈ పరీక్షను ఆ తర్వాత ప్రతి దశలోనూ ఉంచాం.

– బాయ్ ఇచ్చేది సిగ్నిఫికెంట్ ఎత్తు (అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు). శక్తి లెక్కకు కావలసింది వర్గ సగటు మూలం (ఆర్ఎంఎస్) ఎత్తు, మొదటిదాన్ని 1.414తో భాగిస్తే వస్తుంది. భాగించడం మరిస్తే చివర్లో ప్రవాహం 32 శాతం ఎక్కువగా వస్తుంది. అప్పుడు ఎవరైనా ఘర్షణ గుణకం పెంచి 'సరిచేస్తారు', తప్పు అక్కడే సమాధి అయిపోతుంది.

దశ 2: నీటిమట్టం

అలలు విరిగే చోట నీటిమట్టం కొంచెం దిగుతుంది (సెట్‌డౌన్), అక్కణ్నుంచి ఒడ్డుకు పోయేకొద్దీ పెరుగుతుంది (సెటప్). దీన్ని వివరించే రేడియేషన్ స్ట్రెస్ (అలలు మోసుకొచ్చే తోపుడు) సిద్ధాంతాన్ని లాంగ్వెట్-హిగ్గిన్స్, స్టీవర్ట్ 1960ల్లో అందించారు. సమ వాలుకు చేతి లెక్క సులువు.

– విరిగే చోట దిగుడు: 7 సె.మీ.
– లోపల మట్టం వాలు: తీరం వాలులో 0.186 వంతు, అంటే మీటరుకు 3.7 మి.మీ.
– ఒడ్డు చివర పెరుగుదల: 37 సె.మీ.
– నీటి అంచు ఒడ్డువైపు జరిగే దూరం: 18.6 మీ.

ఈ చివరి అంకె గ్రిడ్‌ను మార్చింది. గ్రిడ్ నిలకడ నీటి అంచు దగ్గరే ఆగితే చివరి గడి గోడలా పనిచేసి నీరు అక్కడ పోగుపడుతుంది. పొడి నేలను 50 మీటర్లు, అంటే 1 మీటరు ఎత్తుదాకా గ్రిడ్‌లో కలిపాం. ఇప్పుడు మొత్తం 550 మీటర్లు, 551 బిందువులు.

అల, మట్టం ఒకదానిమీదొకటి ఆధారపడతాయి కాబట్టి తిరిగి తిరిగి లెక్కించాలి. కొత్త మట్టాన్ని నేరుగా పెడితే అంచు దగ్గరి గడులు ఒక చుట్టులో తడి, మరో చుట్టులో పొడి అయి ఎప్పటికీ స్థిరపడవు. పరిష్కారం ఇలా:

1. కొత్త మట్టం, పాత మట్టం సగం సగం కలపండి.
2. కనీస లోతు 5 సె.మీ. అంతకంటే తక్కువైతే ఆ గడి పొడి. సున్నాతో భాగహారం, దాని వెంట వచ్చే 'నాన్'ల (అంకె కాని జవాబుల) వరద ఇక్కడితో ఆగుతాయి.
3. ఏ గడిలోనూ మార్పు 1 మి.మీ. దాటనప్పుడు ఆపండి.

మోడల్‌లో విరిగే చోటు చేతి లెక్క కంటే మూడు మీటర్లు బయటికి వస్తుంది. దిగుడు వల్ల లోతు తగ్గడమే కారణం. దీన్ని తప్పనుకుని గామాను కదిలించకండి.

దశ 3: ప్రవాహం, ఘర్షణ

తోసేది విరిగే అల, ఆపేది అడుగు ఘర్షణ. నీరు పక్కకు కలవడాన్ని (మిక్సింగ్) ప్రస్తుతానికి వదిలేస్తే సమ వాలు మీద ప్రవాహం ఒక త్రిభుజం: ఒడ్డు దగ్గర సున్నా, విరిగే చోట గరిష్ఠం, దానికి ఒక్క అడుగు బయట మళ్లీ సున్నా. లాంగ్వెట్-హిగ్గిన్స్ 1970లో ఇచ్చిన రూపం ఇదే.

సరిచూసుకోడానికి రెండో కొలమానం కోమార్ సూత్రం: విరిగే అల ఎత్తును గురుత్వంతో గుణించి వర్గమూలం తీసి, 1.17తోనూ కోణపు సైన్, కొసైన్‌లతోనూ గుణిస్తే సర్ఫ్ జోన్ (అలలు విరిగే మేర) నడిమి వేగం వస్తుంది. మన అలకు సెకనుకు 0.75 మీ.

గరిష్ఠ వేగం లెక్క (మీ/సె):

– ఘర్షణ గుణకం 0.01, సెటప్ లేకుండా: 1.14
– సెటప్ కలిపాక: 0.90 (నడుమ 0.45)
– నడుమ 0.75 రావడానికి గుణకం 0.006కు దించాక: 1.50

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇప్పటిదాకా వాడిన ఘర్షణ సూత్రం, ప్రవాహం అల ఊపు వేగం (అల నీటిని ముందుకూ వెనక్కూ ఊపే వేగం) కంటే బాగా తక్కువ అనుకుని రాసింది. విరిగే చోట ఊపు వేగం 1.70, ప్రవాహం 1.50. 'బాగా తక్కువ' అన్న మాట ఇక నిలవదు. కాబట్టి రెండింటినీ వర్గాలుగా కలిపి మూలం తీసే సూత్రానికి మారాం. ఊపు వేగపు ఆర్ఎంఎస్‌ను 1.16తో గుణించి వాడతారు. ఎక్స్‌బీచ్‌లోనూ అదే ఉంటుంది. జవాబు నేరుగా రాదు, చుట్లు తిరగాలి, మళ్లీ సగం సగం కలపాలి.

– కొత్త సూత్రం, అదే 0.006: గరిష్ఠం 0.96, నడుమ 0.52
– నడుమ మళ్లీ 0.75 కావాలంటే గుణకం 0.0037: గరిష్ఠం 1.35

గుణకం 0.006 నుంచి 0.0037కు పడిందంటే ఇసుక నునుపైందని కాదు, సూత్రం మారింది. ఘర్షణ గుణకం తన సూత్రంతో కలిసే చలామణీ అవుతుంది. ఒక పేపర్‌లోంచి అంకెను మాత్రమే ఎత్తుకొచ్చి మన కోడ్‌లో పెట్టడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. 0.0037ను షెజీ గుణకంగా (ఘర్షణను చెప్పే ఇంకో కొలత, ఎక్కువైతే అడుగు నునుపు) మారిస్తే 51. ఎక్స్‌బీచ్‌లో ఎక్కువమంది వాడే షెజీ 55 అంటే 0.0032. దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 0.01 అయితే షెజీ 31, ఇసుక అడుగుకు అది చాలా గరుకు.

ఇన్‌పుట్ ఎంత తప్పితే జవాబు ఎంత తప్పుతుందో కూడా ఇక్కడే కొలిచాం (మొదటి, సరళ ఘర్షణ సూత్రంతో):

– అల ఎత్తు 10 శాతం ఎక్కువైతే వేగం 8 శాతం పెరుగుతుంది
– కోణం 20 బదులు 25 అయితే 22 శాతం పెరుగుతుంది
– కోణం 15 అయితే 23 శాతం తగ్గుతుంది
– తీరం గీతను 5 డిగ్రీలు వంకరగా గీస్తే పై రెండింటిలో ఒకటి ఖాయం

అల ఎత్తు కోసం అందరూ తంటాలు పడతారు, కోణాన్ని కాగితం మీది స్కేలుతో కొలిచేస్తారు. తీరం దిశను ఒక కిలోమీటరు పొడవు మీద ఉపగ్రహ చిత్రం నుంచి కనీస వర్గాల రేఖతో తీయండి. రెండు బిందువులు కలిపి తీయకండి. సూర్యలంకలాంటి తిన్నని తీరంలో కూడా చిన్న చిన్న వంపులు ఐదు డిగ్రీలు సులువుగా దాటిస్తాయి.

దశ 4: మిక్సింగ్, రోలర్

త్రిభుజం చివర నిలువు గోడ ప్రకృతిలో ఉండదు. పక్కలకు కలపడానికి బాటియెస్ రూపం వాడాం: లోతును, శక్తి నష్టపు ఘనమూలంతో గుణించడమే. విరిగే చోట చదరపు మీటర్లలో సెకనుకు సుమారు 1.2 వస్తుంది. ఈ మిక్సింగ్, ఘర్షణ కలిసి ప్రవాహాన్ని పరిచే దూరం 20 మీటర్ల చిల్లర. గ్రిడ్ అంగ అందులో ఐదో వంతుకు మించితే పరిచేది భౌతికం కాదు, గ్రిడ్. అంటే 4 మీటర్లు పై హద్దు. మిక్సింగ్ పెట్టాక విరిగే చోట వేగం దాదాపు సగానికి దిగి, గరిష్ఠం లోపలికి జరుగుతుంది. సమీకరణం మూడు వికర్ణాల మాత్రిక. సైపైలోని బ్యాండెడ్ సాల్వర్ కన్ను మూసి తెరిచేలోపు తేలుస్తుంది.

ఇక రోలర్. అల విరిగిన చోటే దాని శక్తి అంతా నీటికి చేరదు. ముందు నురుగు దొంతరలోకి పోయి, అది దొర్లుతూ పోయి తర్వాత దిగుతుంది. ఎంత దూరం తర్వాత? లోతును రోలర్ వాలు గుణకంతో (బీటా) భాగించండి. 2 మీటర్ల లోతు, బీటా 0.1 అయితే 20 మీటర్లు, 0.05 అయితే 40. ఇదంతా ప్రవాహం ఒడ్డువైపు జరిగే దూరం.

సమ వాలు మీద దీని తేడా తక్కువే. ఇసుక మెరక ఉన్న తీరంలో మాత్రం ఇదే ప్రాణం. అమెరికాలో నార్త్ కరోలినా డక్ తీరంలో 1990లో జరిగిన డెలైలా కొలతల్లో గరిష్ఠ ప్రవాహం మెరక మీద కాక, దాని వెనక పల్లంలో కనిపించింది. రోలర్ లేని సాదా మోడళ్లు మాత్రం గరిష్ఠాన్ని మెరక మీదే చూపించాయి. రోలర్ కలిపితే కొంత దూరం లాగొచ్చు. పూర్తి తేడాను బీటా ఒక్కదానితో పూడ్చాలని చూస్తే అంకె అర్థం లేనంత చిన్నదైపోతుంది. మేం 0.1 దగ్గర ఆపేశాం.

దశ 5: టూడీ, ఎక్స్‌బీచ్

ఇసుక రవాణా, తీరం మార్పు రెండూ ఆపేసి ప్రవాహం మాత్రమే. మొదటి పరుగు కొత్తది కనిపెట్టడానికి కాదు. పొడవునా ఒకేలా ఉన్న సమ వాలు మీద, మిక్సింగ్ కలిపిన నాలుగో దశ మోడల్ జవాబు తిరిగి రాబట్టడానికి. విరగడం సూత్రం వేరు కాబట్టి అచ్చంగా అదే రాదు, ఆకారం రావాలి.

గ్రిడ్ లెక్క:

– 550 మీ. అడ్డం, 1500 మీ. పొడవు, పొడవు దిశలో గడి 10 మీ., అంటే 150 వరసలు
– అడ్డంగా అంతటా 2 మీ. అయితే: 275 × 150 = 41,250 గడులు
– కొరాంట్ సంఖ్య (ఒక్క టైమ్ స్టెప్‌లో అల దాటే గడుల వంతు) 0.7 దగ్గర, 10 మీటర్ల లోతు గడి అడిగే టైమ్ స్టెప్ 0.14 సె.; గంట సముద్రానికి సుమారు 25,500 స్టెప్పులు

బయటి లోతు నీళ్లలో, అక్కర్లేని చోట ఉన్న చిన్న గడే మొత్తం పరుగును నెమ్మది చేస్తోంది. మార్చింది: 2.5 మీ. లోతుదాకా మాత్రమే 2 మీటర్ల గడులు, ఆపైన గడి గడికీ 5 శాతం పెంచుతూ 10 మీటర్ల దాకా.

– అడ్డం గడులు సుమారు 143, మొత్తం 21,450
– టైమ్ స్టెప్ 0.28 సె.; గంటకు సుమారు 12,700 స్టెప్పులు
– మొత్తం పని: దాదాపు నాలుగో వంతు

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఏసీ లేని గదిలో సీపీయూ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెద్ద పరుగులు రాత్రికి పెట్టండి, నడుమ రీస్టార్ట్ ఫైళ్లు రాయించండి.

తప్పులు దొరికిన చోట్లు:

1. పక్క సరిహద్దులు. గోడ పెడితే ప్రవాహం దాన్ని ఢీకొని, నీరు అక్కడ పోగుపడి, సముద్రంలోకి మళ్లుతుంది. తెరమీద అచ్చం రిప్ కరెంట్‌లా ఉంటుంది. పొడవునా ఒకేలా ఉన్న తీరం మీద రిప్ కనిపించిందంటే ముందు సరిహద్దును అనుమానించండి. న్యూమన్ సరిహద్దు (అంచు దగ్గర పొడవునా మార్పు లేదనుకునేది) గానీ, సైక్లిక్ (ఒక చివర బయటికి పోయింది రెండో చివర లోపలికి వచ్చేది) గానీ పెట్టాలి.

2. నీడ. 20 డిగ్రీల అల బయటి సరిహద్దు నుంచి 500 మీ. వచ్చేసరికి పక్కకు 180 మీ. జరుగుతుంది. ఆ త్రికోణంలోకి పక్క సరిహద్దు సరైన అల ఇవ్వకపోతే అక్కడ అల ఉండదు. వక్రీభవనం వల్ల అసలు నీడ ఇంకొంచెం చిన్నదే, కానీ అంత మేర వదిలేయడమే క్షేమం. 1500లో రెండు చివర్లా 300 మీటర్ల చొప్పున పారేసి నడిమి 900 మాత్రమే చూస్తున్నాం.

3. దిశల డబ్బాలు. మోడల్ అల దిశలను డబ్బాలుగా విడగొడుతుంది. డబ్బా వెడల్పు 10 డిగ్రీలు పెట్టి, మొత్తం పరిధిని అల సగటు దిశ చుట్టూ ఇరుకుగా కత్తిరిస్తే శక్తిలో కొంత బయటే పోతుంది. సరిహద్దు దగ్గర వచ్చిన ఎత్తును ఇచ్చిన ఎత్తుతో పోల్చండి. తక్కువైతే పరిధి పెంచండి.

4. గామా. మన 0.78 ఒకే ఎత్తు అలలకు. స్వాన్‌లో సాధారణంగా 0.73, ఎక్స్‌బీచ్ సర్ఫ్‌బీట్ సూత్రంలో 0.55 దగ్గర ఉంటుంది. అవి వేర్వేరు నిర్వచనాలు. ఒకదాని అంకె ఇంకోదానిలో పెడితే విరిగే చోటు పదుల మీటర్లు జరిగిపోతుంది.

5. రెండు రకాల వేగాలు. ఎక్స్‌బీచ్ ఆయిలేరియన్ వేగం (ఒకే చోట నిలబడి కొలిచేది), లగ్రాంజియన్ సగటు వేగం (నీటితో పాటు సాగుతూ కొలిచేది) రెండూ ఇస్తుంది. సమ తీరం మీద అడ్డంగా లగ్రాంజియన్ వేగం సున్నా కావాలి. ఆయిలేరియన్ మాత్రం సముద్రం వైపు ఉండాలి. విరిగే చోట చేతి లెక్క 0.36 మీ/సె, రోలర్ కలిపితే ఇంకా ఎక్కువ. పాతిన మీటర్‌తో పోల్చేది ఆయిలేరియన్‌ను, తేలే పరికరంతో పోల్చేది లగ్రాంజియన్‌ను.

6. స్పిన్-అప్. ప్రవాహం స్థిరపడే కాలం, లోతును ఘర్షణ గుణకం, నీటి వేగాల లబ్ధంతో భాగిస్తే వచ్చే నాలుగైదు నిమిషాలు. దానికి మూడింతలు, అంటే 15 నిమిషాలు గడిచాకే సగటు మొదలుపెట్టాలి.

ఇవన్నీ కుదిరాకే మెరక, గాడి పెట్టాం. మెరక మీద అలలు ముందే విరిగి వెనక నీటిమట్టం పెరుగుతుంది, గాడి దగ్గర అంత పెరగదు. ఆ తేడా నీటిని రెండు పక్కల నుంచి గాడికి లాగి బయటికి తోస్తుంది. పరీక్షకు అల కోణాన్ని మెల్లగా పెంచండి. సూటిగా వచ్చే అలకు రిప్ నిటారుగా బయటికి పోతుంది. కోణం పెరిగేకొద్దీ తీరం వెంబడి ప్రవాహం దాన్ని వంచి, చివరికి మింగేస్తుంది. ఎంత కోణం పెంచినా వంగకపోతే సరిహద్దుకు తిరిగి వెళ్లండి, మొదటి అంశం.

దశ 6: కొలత పరికరం

తేలే పైపు ఒకటి. 63 మి.మీ. బయటి వ్యాసం పీవీసీ పైపు 75 సె.మీ. ముక్క, కింద ఎండ్ క్యాప్ సాల్వెంట్ సిమెంట్‌తో అతికించినది, పైన రబ్బర్ రింగున్న స్క్రూ మూత, లోపల చిన్న జీపీఎస్ లాగర్ మూతకు ఆనించి, అడుగున బరువు. నిటారుగా, 60 సె.మీ. మునిగి తేలాలి.

1. 60 సె.మీ. పైపు తోసే నీరు 1.87 లీటర్లు. కాబట్టి మొత్తం బరువు 1.87 కిలోలు.
2. పైపు, మూతలు, లాగర్ వంటింటి తూకం మీద పెట్టండి. 1.87 నుంచి తీసేయండి. మిగిలినదే అడుగు బరువు, ఇనుప రాడ్ ముక్కలుగా. ఇసుక పోస్తే కదిలి ఒక పక్కకు ఒరుగుతుంది.
3. నీళ్ల డ్రమ్ములో వేసి చూడండి. మంజీరా నీళ్లలో సరిగ్గా 60 మునిగితే ఉప్పునీళ్లలో 58.5 మునుగుతుంది. డ్రమ్ములో సరిపోయిందని పైన గీత గీసి, తీరంలో గీత తేలిందని కంగారు పడనక్కర్లేదు.
4. వేలితో నొక్కి వదిలితే రెండు మూడు ఊపుల్లో నిలవాలి. ఇంకా ఊగుతుంటే బరువు పైకి ఉందన్నమాట.

బంతులు, సీసాలు వద్దు. నీటి మీద తేలిపోయే వస్తువు విరిగే అల ముందు సవారీ చేసి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. అది కొలిచేది ప్రవాహాన్ని కాదు, నురుగును.

జీపీఎస్ స్థానంలో 3 మీటర్ల తప్పు ఉంటే, 30 సెకన్ల అంతరం మీద తీసిన వేగంలో 0.14 మీ/సె తప్పు ఉంటుంది. 120 సెకన్లకు పెంచితే 0.035. అందుకే రెండు నిమిషాల కిటికీ. 0.7 మీ/సె ప్రవాహంలో అంతలో పైపు 84 మీ. పోతుంది, కాబట్టి పోలిక కూడా మోడల్‌లో ఒక బిందువుతో కాదు, ఆ దారి మొత్తం మీది సగటుతో.

అక్షాంశ రేఖాంశాలను తీరపు అక్షాలకు తిప్పేటప్పుడు రేఖాంశపు డిగ్రీని కుదించండి. సూర్యలంక అక్షాంశం దగ్గర అక్షాంశపు డిగ్రీ 111 కి.మీ., రేఖాంశపు డిగ్రీ 107. కుదించకపోతే తూర్పు పడమర దూరాల్లో 4 శాతం తప్పు.

నీళ్లలో వదలడం స్థానిక జాలర్ల చేతుల మీదుగానే, వాళ్లు సరే అన్న రోజునే. పైపు వెనక ఈది పట్టుకోవడానికి ఎవరూ దిగకూడదు. ఒడ్డుకు రాకపోతే పోయినట్టే. పైన నీళ్ల బయట ఉండే 15 సె.మీ. గాలికి తోసుకుపోతుంది కాబట్టి గాలి వేగం, దిశ ప్రతి పరుగుకూ రాసుకోవాలి. గాలి తీరం వెంబడే వీస్తున్న రోజు కొలతలను వేరే ఫైల్‌లో పెట్టి, గుణకం తేల్చడానికి వాడకుండా ఉంచుతున్నాం.